సీ-మౌంట్, డెమో ఫ్రీ

అయినా కొండ తన బరువు తాను మోసుకోదు కదా, కింద ఉన్న నేల మోస్తుంది, ఇంతకీ ఆ నేల అప్పటికి పడుచుదా ముసలిదా అనుకుంటూ దుర్గేష్ అమీర్‌పేట మైత్రివనం ముందు రోడ్డు సగం దాటి, సగంలో అనుమానం వచ్చి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. అనుమానం బస్సుల గురించి కాదు. సముద్రం అడుగున నేల నడిమి చీలికలో వేడివేడిగా పుట్టి, పక్కలకు జరుగుతూ, చల్లారుతూ ముసలిదవుతుంది. పడుచు నేల మెత్తన. దాని మీద కొండ లేస్తే, లేచిన చోటే లోతుగా గుంట పడుతుంది. ముసలి నేల బిగుసుకుపోయి ఉంటుంది. గుంట పడదు, చుట్టుపక్కల ఎంతో దూరం వరకు నెమ్మదిగా వంగి ఊరుకుంటుంది. ఆ వంపు ఎలాంటిదో తేలితే కొండ ఎక్కడ పుట్టిందో చెప్పేయొచ్చు. చెప్పేయొచ్చని ఆరేళ్ళుగా అనుకుంటున్నాడు.

ఆ కొండని అతను చూడలేదు. ఎవరూ చూడలేదు. అరేబియా సముద్రంలో, రెండు మైళ్ళ నీటి కింద, చల్లారిపోయిన ఒక అగ్నిపర్వతం అది, చదువుకున్న భాషలో సీమౌంట్. దాని పైన ఓడలో తిరుగుతూ గురుత్వాకర్షణ ఎక్కడ ఎంత ఉందో కొలిచినన్నాళ్ళూ దుర్గేష్ రైలింగు పట్టుకుని వాంతులు చేసుకున్నాడు. నరసాపురం వాడివి, నీకు సముద్రం పడకపోవడమేంటని ఓడలో అందరూ నవ్వారు. ఆ కొలతల్ని పట్టుకుని హబ్సిగూడ దగ్గర ఒక పరిశోధనా సంస్థలో ఆరేళ్ళు కూర్చున్నాడు. ప్రాజెక్టు అయిపోయింది. స్కాలర్‌షిప్పు అయిపోయింది. థీసిస్ మాత్రం కాలేదు.

రెండోసారి రోడ్డు దాటేలోపు చేతిలో కంప్యూటర్ కోర్సుల కరపత్రాలు ఏడెనిమిది పడ్డాయి. జావా, ఒరాకిల్, మెయిన్‌ఫ్రేమ్స్, నెలలో వీసా. ఇచ్చేవాళ్ళకు వద్దని చెప్పడం అతనికి రాదు. గదికి తీసుకెళ్ళి వాటి వెనక తెల్లవైపు కొండ బొమ్మలు గీసుకుంటాడు. అమీర్‌పేటలో అందరూ కాగితం ముందువైపు చదివి బాగుపడుతుంటే, తాను వెనకవైపు వాడుకుంటున్నానని అతనికి అప్పుడప్పుడు తోస్తుంది.

చాయ్ బండి దగ్గర పాత చెక్కబల్ల మీద కూర్చున్నాడు. పక్కన ఇంకొకాయన వచ్చి కూర్చున్నాడు. ఆయన కూర్చోగానే బల్ల ఈ చివర నుంచి ఆ చివరదాకా నిదానంగా వంగింది. దుర్గేష్ టీ మర్చిపోయి ఆ వంపునే చూస్తూ ఉండిపోయాడు.

ఆ బరువు పేరు ఐలయ్య. ఎదురు సందులో మొన్నమొన్నటిదాకా టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినవాడు. మిషన్లు పాత ఇనుము కొనేవాడికి వేసి, కంప్యూటర్లు తెచ్చి, తన పేరులో సగం కోసేసి ‘ఐల్ ఇన్ఫోటెక్’ అని బోర్డు పెట్టాడు.

“ఏం సార్, మస్తు ఆలోచనల ఉన్నరు. ఏ ప్లాట్‌ఫాం మీద చేస్తుండ్రు?” అన్నాడు ఐలయ్య. ఏ సాఫ్ట్‌వేర్ మీద పని అని, అమీర్‌పేటలో కొత్త మనిషిని కులగోత్రాలకు ముందు అడిగే ప్రశ్న అది.

దుర్గేష్ ఇంకా వంపులోనే ఉన్నాడు. “సీమౌంట్ మీదండీ” అన్నాడు.

ఐలయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు. “సీ తెల్సు. సీ ప్లస్ ప్లస్ తెల్సు. సీ మౌంట్ కొత్తగ వచ్చిందా సార్?”

కొత్తదా? దుర్గేష్ నిజాయితీగా ఆలోచించాడు. “కొత్తదేం కాదండీ. ఎప్పటినుంచో ఉన్నదే. మనవాళ్ళే పట్టించుకోలేదు.”

“ఫారిన్ల?”

“అక్కడ చాలామంది చేస్తున్నారు. జపాన్‌లో, అమెరికాలో, జర్మనీలో.”

“మరి స్కోప్ ఎట్లుంటది?”

“ఒకటా రెండా, వేలకు వేలు ఉన్నాయి. మనుషులు చేరుకున్నవి కొన్నే. మిగతావన్నీ ఖాళీగానే పడున్నాయి.”

“వేలకు వేలు ఖాళీ!” ఐలయ్య లేచాడు. బల్ల ఊపిరి పీల్చుకుని నిటారయింది. “మీ పేరేంది సార్? ఏడుంటరు?”

చెప్పాల్సిన మాట దుర్గేష్‌కు ఎప్పుడూ గది తాళం తీసేటప్పుడే గుర్తొస్తుంది. ఆవేళా అంతే. తాళంచెవి సగం తిప్పి, “అరే, ఆయనన్నది అక్షరం సీ!” అన్నాడు పైకే.

రెండ్రోజుల తర్వాత సందుకు అడ్డంగా బ్యానర్ వెలిసింది. పచ్చటి కొండ బొమ్మ. కొండ కొమ్మున కంప్యూటర్. ‘అమీర్‌పేటలో మొట్టమొదటిసారి: సీ-మౌంట్! ఆదివారం డెమో ఫ్రీ! ఫ్యాకల్టీ: డాక్టర్ దుర్గేష్.’

దుర్గేష్ తల పైకెత్తి చదివాడు. మొదట కలిగింది కోపం కాదు, సిగ్గూ కాదు. ‘డాక్టర్’ అన్న మాట దగ్గర లోపలెక్కడో ఒక చిన్న పిల్లి ఒళ్ళు విరుచుకుంది. దాన్ని అతను గమనించాడు. గమనించి సిగ్గుపడ్డాడు. సిగ్గుపడ్డాక మళ్ళీ ఒకసారి చదివాడు.

తర్వాత ఐల్ ఇన్ఫోటెక్ మేడమీదికి వెళ్ళాడు. గదినిండా టైపు కాలంనాటి పొడుగాటి చెక్కబల్లలు. ఆఖర్న కొత్తగా కొన్న స్పాంజి కుర్చీలో ఐలయ్య. ఆయన కూర్చున్నచోట కుర్చీ పాతాళానికి దిగిపోయింది. చేతులు పెట్టుకునే పక్కలు మాత్రం అస్సలు కదలలేదు. పడుచు నేల అంటే ఇదే అనుకున్నాడు దుర్గేష్, వచ్చిన పని మరిచి.

“రాండ్రి డాక్టర్ సాబ్! ఫోన్లు ఆగుతలేవు. ఫికర్ జెయ్యకుండ్రి, ఆదివారం జర గంటసేపు మాట్లాడుండ్రి. మిగతాది నేను చూసుకుంట.”

“ఐలయ్యగారూ, ఒక పొరపాటు… అంటే నేను చెప్పింది… అది కంప్యూటర్ కోర్సు కాకపోవచ్చండీ.”

ఐలయ్య ఆ మాటని బంగారం గీటుపెట్టి చూసినట్టు చూశాడు. “కాకపోవచ్చు అంటే, అయ్యుండొచ్చు సుత గద సార్?”

తర్కం ప్రకారం ఆయన చెప్పింది నిజమే. ఫోన్ మోగింది. ఐలయ్య “హా, సీ మౌంటే! సీట్లు అయిపోతున్నయ్” అంటుంటే అతను మెట్లు దిగాడు. కింద తాళంలేదు కాబట్టి ఏమీ గుర్తు రాలేదు.

మధ్యాహ్నం మెస్సులో వజ్రమ్మ అతని కంచంలో రెండు గరిటెల పప్పు వేసింది. రోజూ ఒకటే వేస్తుంది. బోరబండ నుంచి తెల్లారకముందే వచ్చి అరవైమందికి వండే మనిషి. గరిటె విషయంలో బంధుత్వాలు పాటించదు.

“మీరేనంట గద సారూ గా కొండ కోర్సు చెప్పేది. మా దివ్యశ్రీ పేరు సుత రాపించిన.”

“మీ అమ్మాయికి ఉద్యోగం వచ్చిందన్నారు కదండీ మొన్న?”

“వచ్చింది. పంజగుట్ట దవఖానల, కౌంటర్ల. సోమవారం నుంచి రమ్మన్నరు. పోనంటున్నది. అండ్ల కూసుంటే బతుకంత చీటీలు రాసుడే నాయే, సారు కోర్సు నేర్చుకుంటే కంప్యూటర్ నౌకరి వస్తదంటున్నది. నేను సుత సరే అన్న. మీరు రోజు మా దగ్గర తినేటోళ్ళు. తెలిసిన మనిషి.”

అతను కలిపిన ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాడు. తన కొండ నీటి అడుగున ఎవరి జోలికీ పోకుండా ఇన్ని కోట్ల ఏళ్ళు నిలబడింది. ఇప్పుడది తన నోటి వెంట బయటికొచ్చి, పంజగుట్టలో ఒక అమ్మాయి కౌంటర్ మీద కూర్చోబోతోంది. చెప్పేయాలి. కాదు అని చెప్పేయాలి.

“వజ్రమ్మగారూ, కొంచెం… తొందరపడకుండా ఉంటే మంచిదేమోనండి” అన్నాడు.

“అవు సారూ, నేను గదే అంటున్న. తొందరపడకుంటే ఎట్ల, సీట్లు అయిపోతయ్” అంది వజ్రమ్మ, మూడో గరిటె వేస్తూ.

శనివారం ఎర్రమంజిల్ క్వార్టర్సుకు వెళ్ళాడు. గైడు అరుణాదేవిగారు పెరట్లో చాప మీద కూర్చుని ఆవకాయ కలుపుతున్నారు. కారం, ఆవపిండి, నూనె మోచేతుల దాకా. థీసిస్ పీటమీద పెట్టించుకుని, తుడుచుకున్నంతమేర తుడుచుకున్న చేత్తో పేజీలు తిప్పుతున్నారు. తిప్పిన ప్రతి పేజీకి ఎర్రటి వేలిముద్ర.

“పుట్టి ఉండవచ్చు. భావించవచ్చు. అనిపించుచున్నది. ఏంటయ్యా ఇది? కొండ గురించి రాశావా, జాతకం రాశావా?”

“గ్రావిటీ చూస్తే ముసలి నేల మీద పుట్టినట్టే ఉందండీ. కానీ అయస్కాంతం కొలతలు చూస్తే పడుచు నేల అయి ఉండే అవకాశం కూడా…”

“ఆ అవకాశం ఎంత?”

“చాలా తక్కువండీ.”

“మరి?”

మరి? దుర్గేష్ ఆ ‘మరి’ని తనలోకి దించుకుని చూశాడు. కొండ ఎక్కడ పుట్టిందో తేలిపోతే కొండతో తన పని అయిపోతుంది. పొద్దున్న లేచి దేని గురించి ఆలోచిస్తూ రోడ్డు దాటాలి? అనుమానం ఉన్నంతకాలం అతనికి ఒక ఇల్లున్నట్టు. ఈ సంగతి అతను తనకి తను కూడా ఇంతకుముందు చెప్పుకోలేదు.

అరుణాదేవిగారు బొమ్మల పేజీ దగ్గర ఆగారు. “సముద్రం అడుగు గీత చుక్కలతో ఎందుకు గీశావ్?”

“ఖాయంగా తెలియనిచోట చుక్కలు పెట్టాలని మీరే చెప్పారండీ.”

“ఒకచోట పెట్టమన్నాను. నువ్వు నేల మొత్తం పెట్టావు. ఇదిగో, పైన నీటిమట్టానికి కూడా పెట్టావు. సముద్రం ఉందా లేదా అన్నది కూడా అనుమానమేనా నీకు?”

దుర్గేష్ తల దించుకున్నాడు. వాంతులు చేసుకున్నవాడికి ఆ అనుమానం ఉండకూడదు.

“సోమవారం నా ఆఖరి రోజు. ఆరోజు తెస్తే సంతకం పెడతాను. తర్వాత నేను రిటైరు, నీ రిజిస్ట్రేషన్ రద్దు. అప్పుడు ఆ కొండని నువ్వే నెత్తినెట్టుకుని తిరుగు.”

“అలాగేనండీ.” లేచి, గుమ్మందాకా వెళ్ళి, ఆగాడు. “మేడం, ఇంకో విషయం. ఒకమ్మాయి…”

“పెళ్ళా?” ఆవిడ ముఖం విచ్చుకుంది.

“కాదండీ. నా వల్ల ఒకమ్మాయి ఉద్యోగం వదులుకుంటోంది. నేనేమీ అనలేదు. అననందువల్లే.”

ఆవిడ ఒక మామిడిముక్క నూనెలో ముంచి, చూసి, పక్కన పెట్టారు. “కాదు అన్నది కూడా తెలుగు మాటే దుర్గేష్. ఆవకాయ సీసా పట్టుకెళ్తావా? చెయ్యి చాచు. చాచవచ్చు అనుకుంటూ నిలబడకు.”

ఆదివారం పొద్దున్నే కరెంటు పోయింది. మే నెల. సందు మొత్తం ఉడికిపోతుంటే ఐల్ ఇన్ఫోటెక్‌లో మాత్రం జనరేటర్ మీద ఫ్యాన్లు తిరుగుతున్నాయి. బల్లల మీద ఇసకేస్తే రాలనంత జనం. మెట్ల మీద కూడా నిలబడ్డారు. ముందు బల్లమీద దివ్యశ్రీ. సన్నగా, సూటిగా, తల్లి గరిటె పట్టుకున్నట్టే పెన్ను పట్టుకుని కూర్చుంది. అదే బల్లకు ఆ చివర, ఎందుకో, ఐలయ్య.

నల్లబల్ల మీద ఇంగ్లీషులో ‘సీ-మౌంట్’ అని రాసి ఉంది. ‘సీ’ అక్షరం గుమ్మడికాయంత.

దుర్గేష్ రాత్రంతా ఒక వాక్యం తయారు చేసుకున్నాడు. ‘మిత్రులారా, ఇది మీరనుకుంటున్నది కాదు.’ నిలబడి గొంతు సవరించుకునేసరికి ఆ వాక్యం మెట్లు దిగి వెళ్ళిపోయింది. చదివినదంతా ఇంగ్లీషులో చదివినవాడు కాబట్టి నోట్లో మిగిలినవి ఇంగ్లీషు మాటలే.

“ఇది… ఇది సీలో ఉంటుంది.”

“సీల సరే సార్. సీ ప్లస్ ప్లస్‌ల నడవదా?” అన్నాడు రెండో బల్ల నుంచి ఒకడు. పేరు ప్రమోద్. అప్పటికే మూడు కోర్సులు పూర్తి చేసి, ప్రతి డెమోకీ వచ్చే రకం.

“అది కాదండీ. ముందు మౌంట్ తయారవుతుంది. దాని లోడ్ అంతా కింద పడుతుంది.”

“ఫస్ట్ మౌంట్, తర్వాత లోడ్. కరెక్టే” అని ప్రమోద్ పక్కవాళ్ళకు చెప్పాడు. అందరూ రాసుకున్నారు.

“కింద రూట్ ఉంటుంది. మెత్తగా ఉంటే రూట్ లోతుగా…”

“రూట్ లేకుంటే మౌంట్ కానే కాదు సార్! యూనిక్స్ సిస్టంల సుత అంతే.”

దుర్గేష్‌కు చెమట పట్టింది. తన మాటలు తనవి కావా? వీటన్నిటినీ కంప్యూటర్లవాళ్ళు ఎప్పుడు ఎత్తుకుపోయారు? “చూడండి, భూమికి పైన గట్టి షెల్ లాంటిది ఒకటి…”

“షెల్ సుత ఉన్నదిరా!” ప్రమోద్ సంతోషం పట్టలేక బల్ల చరిచాడు. “ఇది యూనిక్సే. పేరు మార్చిండ్రు అంతే.”

గది మొత్తం ధైర్యం వచ్చినట్టు ఊపిరి పీల్చుకుంది. దుర్గేష్‌కు ఒక్కటి అర్థమైంది. ఇలాగే ఇంకో గంట నిజం చెప్పుకుంటూపోతే కోర్సు పూర్తవుతుంది. వీళ్ళకు సర్టిఫికెట్లు కూడా వస్తాయి. నిజం చెప్పడం వేరు, తెలిసేలా చెప్పడం వేరు. ఈ ఆరేళ్ళూ తాను మొదటిదాని వెనకే దాక్కున్నాడు.

అప్పుడు దివ్యశ్రీ లేచింది.

“సార్, నాకు గీ రూటు, లోడు సమజైతలేవు. రేపు పొద్దుగాల పంజగుట్టల నా డ్యూటీ ఉన్నది. పోవాల్నా వద్దా మా అమ్మకు చెప్పాలె. గిది నేర్చుకుంటే నౌకరి వస్తదా, రాదా? ఒక్కటే మాట చెప్పుండ్రి.”

రాకపోవచ్చు. ఆ మాట నాలుక చివర స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, సిద్ధంగా కూర్చుంది. ఎంత నెమ్మదైన మాట. ఎవరినీ నొప్పించదు, ఎవరినీ ఆపదు. కాకపోవచ్చు అంటే అయ్యుండొచ్చు సుత. అతను ఆ అమ్మాయి పెన్ను వంక చూశాడు. అది కాగితం మీద, అతని మాట కోసం, కదలకుండా ఆగి ఉంది. తను ఏమంటే అది రాసుకుంటుంది.

“రాదు” అన్నాడు దుర్గేష్.

జనరేటర్ చప్పుడు ఒక్కసారిగా పెరిగినట్టయింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఏమీ కూలిపోలేదు.

“ఆరేళ్ళ నుంచి దీని మీదే ఉన్నాను” అని చేర్చాడు. “నాకే రాలేదు.”

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత గది మొత్తం నవ్వింది. దివ్యశ్రీ నవ్వలేదు. ‘రాదు’ అని రాసుకుని, పెన్నుకు మూత పెట్టింది. “మంచిగైంది సార్. రేపు డ్యూటీకి పోత” అని చెప్పి కూర్చుంది.

“మరి కూసున్నవేంది? పోతలేవా?” అన్నాడు ప్రమోద్.

“డ్యూటీ రేపు గదనే. ఫ్యాన్ ఇయ్యాల ఉన్నది.”

అందరూ ఐలయ్య వైపు తిరిగారు. బ్యానర్ ఆయనది, గది ఆయనది, పోయింది కూడా ఆయన పరువే. ఐలయ్య తన ఒళ్ళోకి చూసుకుంటున్నాడు. ఒళ్ళో కొత్త నోట్‌బుక్కు ఉంది. మొదటి పేజీలో, టైపు కొట్టినట్టు గుండ్రటి అక్షరాలతో, తన పూర్తి పేరు రాసుకున్నాడు.

“నేను సుత నేర్చుకుందామనే కూసున్న సార్” అన్నాడు నెమ్మదిగా. “జావా అమ్మిన, ఒరాకిల్ అమ్మిన. అండ్ల ఏమున్నదో నాకు ఎర్కలేదు. గిదొక్కటి నేనే తెచ్చిన గదా, మొదటి నుంచి వింటే సమజైతదేమో అనుకున్న.” నోట్‌బుక్కు మూసేశాడు. “సరే. కంప్యూటర్ కాదు. మరి గా దినం మీరు చెప్పిన వేలకు వేలు ఏడున్నయి సార్? అబద్ధం చెప్పిన్రా?”

“లేదండీ. నిజంగానే ఉన్నాయి.”

దుర్గేష్ డస్టర్ తీసుకున్నాడు. గుమ్మడికాయంత ‘సీ’ని చెరిపేశాడు. అది ఒక పట్టాన పోలేదు. చెరిగిన చోట తెలుగులో ‘సముద్రం’ అని రాశాడు. ఆ నల్లబల్ల మీద తెలుగు అక్షరం పడటం అదే మొదలు. తర్వాత, ఆశ్చర్యంగా, మాటలు వచ్చాయి. నీళ్ళు, నేల, నిప్పు, బరువు, గుంట, వంపు. ఏ ఒక్కదాన్నీ ప్రమోద్ ఎత్తుకుపోలేకపోయాడు.

“ఐలయ్యగారూ, ఏమీ అనుకోకపోతే ఒకసారి ఆ కుర్చీలో కూర్చుంటారా?”

ఐలయ్య వెళ్ళి స్పాంజి కుర్చీలో కూర్చున్నాడు. పాతాళానికి దిగాడు.

“ఇది పడుచు నేల. బరువు పడినచోటే గుంట. ఇప్పుడు మళ్ళీ బల్ల మీదికి రండి. మీరంతా బల్లని చూడండి.”

ఐలయ్య బల్లకు నట్టనడుమ కూర్చున్నాడు. బల్ల ఈ చివర నుంచి ఆ చివరదాకా వంగింది. దాని మీదున్న దివ్యశ్రీ, మిగతా ఇద్దరమ్మాయిలు కెవ్వుమని ఐలయ్య వైపు జారారు.

“ఇది ముసలి నేల” అన్నాడు దుర్గేష్. “మొత్తం కలిసి మోస్తుంది.”

“అగో, నేనే కొండనా!” అన్నాడు ఐలయ్య. ఇన్నాళ్ళకు ఒక కోర్సు అర్థమైన ఆనందం ఆయన బుగ్గల్లోకి వచ్చింది. నోట్‌బుక్కు తెరిచాడు. “మరి మీ కొండ దేంట్ల కూసున్నది సార్? కుర్చీలనా, బల్ల మీదనా?”

గది మొత్తం పెన్నులు పట్టుకుంది.

దుర్గేష్ నల్లబల్ల వైపు తిరిగాడు. ఎడమ అంచున సుద్దముక్క ఆనించాడు. అలవాటు కొద్దీ ఒక చుక్క పడింది. చెయ్యి లేవబోయింది. లేవలేదు. సుద్దని నల్లబల్లకు అదిమిపట్టి, ఎత్తకుండా, ఎక్కడా లోతుగా దిగకుండా, ఒక వెడల్పాటి వంపు తిప్పుతూ కుడి అంచుదాకా గీత గీసుకుంటూ వెళ్ళాడు.